బోరు మోటారుకు నానో, రిలేలతో టైమర్: ప్రాజెక్టు డైరీ

మోటారు: 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్. బోరు: ఆరున్నర అంగుళాలు, 320 అడుగులు, పంపు 280 అడుగుల దగ్గర వేలాడుతోంది. చోటు: అనంతపురం జిల్లా, కింద గట్టి రాయి, పైన డ్రిప్ వేసిన చీనీ (బత్తాయి) తోట. వ్యవసాయ ఫీడరు కాబట్టి పగటిపూట 9 గంటల త్రీ ఫేజ్ సరఫరా. స్టార్టర్ మామూలు డీఓఎల్ (మోటారును నేరుగా లైనుకు కలిపే రకం): పచ్చ బటన్, ఎర్ర బటన్, కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటు ఇస్తే మోటారును లైనుకు కలిపే పెద్ద స్విచ్), ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది).

కావలసింది ఇంతే. ఆ 9 గంటల్లో మోటారు కాసేపు నడవాలి, బోరు ఊరేదాకా ఆగాలి, మళ్లీ నడవాలి. నీళ్లు అయిపోతే టైము మిగిలి ఉన్నా ఆగిపోవాలి. చేతితో నడుపుకునే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి.

ముందుగా ఒక హెచ్చరిక. డబ్బాలో ఉన్నది 415 వోల్టులు. స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలగలేదని కరెంటు లేదనుకోవద్దు. మెయిన్ స్విచ్ దించి, ఫ్యూజులు పీకి, మూడు ఫేజుల మధ్యా, ఒక్కో ఫేజుకు ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌తో చూశాకే చేయి పెట్టాలి. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్కన లేకుండా దశ 2 మొదలుపెట్టొద్దు.

దశ 1: బల్ల మీద

సామాన్లు, రూపాయల్లో:

1. ఆర్డుయినో నానో (ప్రోగ్రాం ఎక్కించి వాడే చిన్న కంట్రోలర్ బోర్డు): 320
2. డీఎస్3231 గడియారం మాడ్యూల్: 180
3. రెండు రిలేల (చిన్న కరెంటుతో నడిచే స్విచ్చుల) 5 వోల్టుల బోర్డు: 130
4. 12 వోల్టులు, 2 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లై): 260
5. 12 నుంచి 5 వోల్టులకు దించే బక్ మాడ్యూల్: 80
6. ఐపీ65 (దుమ్ము, నీళ్లు చొరని) డబ్బా: 450
7. ఆటో–ఆఫ్–మాన్యువల్ సెలెక్టర్ స్విచ్: 240
8. వైర్లు, లగ్గులు, కేబుల్ గ్లాండ్లు: 300

ఇప్పటిదాకా: 1,960.

రిలే బోర్డుకు 5 వోల్టులు నానో పిన్ను నుంచి ఇవ్వొద్దు. ఒక్కో రిలే కాయిల్ సుమారు 70 మిల్లీఆంపియర్లు లాగుతుంది. రెండూ ఒకేసారి పడితే నానో రెగ్యులేటర్ వేడెక్కి వోల్టేజి జారుతుంది. బక్ మాడ్యూల్ నుంచి నేరుగా ఇవ్వాలి.

బల్ల మీద కనిపించిన మొదటి తప్పు: నానో ఆన్ అయిన ప్రతిసారీ రిలే ఒకసారి టక్కుమని పడి (ఆన్ అయి) లేస్తోంది (ఆఫ్ అవుతోంది). బల్ల మీదైతే అది చప్పుడే. పొలంలో అదే 5 హెచ్‌పీ మోటారుకు ఒక కుదుపు. ఈ రిలే బోర్డులు నానో పిన్ను ‘లో’ (0 వోల్టులు) అయితే పడతాయి. నానోలో ఒక పిన్నును అవుట్‌పుట్ అని ప్రకటించగానే అది ‘లో’ స్థితికి వెళుతుంది. అందుకే ప్రోగ్రాంలో ముందు ఆ పిన్నుకు ‘హై’ (5 వోల్టులు) రాసి, తర్వాత అవుట్‌పుట్‌గా ప్రకటించాలి. వరుస తిప్పితే చాలు, చప్పుడు పోతుంది. అది చాలదనిపిస్తే పిన్ను నుంచి 5 వోల్టులకు ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్ కట్టండి.

రెండు రిలేల కాంటాక్టులనూ సిరీస్‌లో వేశాం. ఒకటి అతుక్కుపోయినా రెండోది విడిపోతుంది. రెండూ ఒకే క్షణంలో పడకుండా, లేవకుండా 200 మిల్లీసెకన్ల తేడా పెట్టాం. ఏ రిలే ముందు లేవాలో రోజు విడిచి రోజు మారుతుంది. లేకపోతే అరుగుదల అంతా ఒకదాని మీదే పడుతుంది.

దశ 2: రిలే, కాంటాక్టర్ మధ్య

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. నీలం రంగు చిన్న రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది. వ్యవసాయ స్టార్టర్లలో కాంటాక్టర్ కాయిల్ ఎక్కువగా రెండు ఫేజుల మధ్య పనిచేసే 415 వోల్టులది. ఆంపియర్లు చూసి సరిపోతుందనుకుంటారు, వోల్టులు చూడరు. కాయిల్ తెంచేటప్పుడు లేచే నిప్పురవ్వకు ఆ చిన్న ఖాళీ చాలదు. కొన్నాళ్లు పనిచేసి అతుక్కుపోతుంది, మోటారు ఆగదు.

న్యూట్రల్ ఉంటే కాయిల్‌ను 230 వోల్టులదానికి మార్చేసి ఫేజు, న్యూట్రల్ ఇవ్వొచ్చు. ఈ డబ్బాకు మూడు ఫేజులే వచ్చాయి. ఎర్త్ కడ్డీని న్యూట్రల్‌గా వాడే అలవాటు పొలాల్లో ఉంది. అది ఎండాకాలంలో మట్టి ఆరగానే వోల్టేజి పడేస్తుంది, ఆ కడ్డీని తాకిన మనిషినీ పశువునూ చంపుతుంది. ఆ దారి వద్దు. లైన్ వోల్టేజిని కాయిల్‌కు తగినట్టు దించే చిన్న కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం.

మొదట పెట్టింది 440 వోల్టులను 230కి దించేది, సామర్థ్యం 50 వీఏ (వోల్ట్ ఆంపియర్లు). ఉదయం బాగా నడిచింది. చుట్టుపక్కల మోటార్లన్నీ పడ్డాక లైన్ 350 వోల్టులకు దిగింది, కాంటాక్టర్ గడగడలాడింది. లెక్క చూస్తే తెలిసిపోతుంది: 350 వోల్టులను 440తో భాగించి 230తో గుణిస్తే 183. 230 వోల్టుల కాయిల్ గట్టిగా పట్టడానికి దాదాపు 85 శాతం, అంటే 195 వోల్టులు కావాలి. పైగా పట్టే క్షణంలో కాయిల్ మామూలుకంటే అనేక రెట్లు లాగుతుంది. అప్పుడు 50 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా కుంగుతుంది.

మార్పు: 400/230, 100 వీఏ. కొట్లో దొరక్కపోతే వైండింగ్ షాపులో చెప్పి చుట్టించుకోవచ్చు. ఇప్పుడు 350 దగ్గర 201 వోల్టులు, 430 దగ్గర 247 వోల్టులు. కాయిల్ 10 శాతం ఎక్కువను, అంటే 253 దాకా ఓర్చుకుంటుంది. రెండు కొసలూ హద్దులోనే ఉన్నాయి.

వైరింగ్ వరుస:

1. వై, బీ ఫేజులు (మూడు ఫేజుల పేర్లు ఆర్, వై, బీ), ఒక్కోదానికి 2 ఆంపియర్ల 10×38 సిరామిక్ ఫ్యూజు, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (లైన్ వైపు చుట్ట). గాజు ఫ్యూజు వేయొద్దు, అది 250 వోల్టులదే.
2. సెకండరీ (230 వోల్టుల వైపు చుట్ట) ఒక కొస నేరుగా కాయిల్ ఏ2కు. ఏ1, ఏ2 అంటే కాంటాక్టర్ కాయిల్ రెండు కొసలు.
3. రెండో కొస: ఓవర్‌లోడ్ రిలే 95–96 (లోడు మించితే తెరుచుకునే కాంటాక్టు), ఎర్ర బటన్, సెలెక్టర్ స్విచ్. ఈ వరుస మారకూడదు.
4. సెలెక్టర్ ‘ఆటో’ నుంచి రెండు రిలేల గుండా ఏ1కు.
5. సెలెక్టర్ ‘మాన్యువల్’ నుంచి పచ్చ బటన్, దానికి సమాంతరంగా కాంటాక్టర్ 13–14 కాంటాక్టు (బటన్ వదిలాక కూడా కాయిల్‌ను పట్టి ఉంచేది), తర్వాత ఏ1కు.
6. 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్‌కు కూడా ఇదే సెకండరీ, ఫ్యూజు తర్వాత. దాన్ని రెండు ఫేజుల మధ్య కడితే అప్పటికప్పుడే పేలుతుంది.

ఈ వరుసలో నానో చచ్చిపోయినా, ప్రోగ్రాం పిచ్చెక్కినా ఓవర్‌లోడ్ రిలే, ఎర్ర బటన్ పనిచేస్తాయి. ఆ రెంటినీ నానోకు ‘ఇన్‌పుట్’గా ఇచ్చి ప్రోగ్రాంలో చూసుకుందాం అనే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే వదిలేయాలి.

ఖర్చు: 230 వోల్టుల కాయిల్ 420, 100 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ 1,150, ఫ్యూజులు, హోల్డర్లు 260, దశ 3లో వచ్చే స్నబ్బర్ 60, వృథా అయిన 50 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ 700. ఇప్పటిదాకా: 4,550.

దశ 3: రీసెట్లు, గడియారం

కాంటాక్టర్ లేచిన ప్రతిసారీ కాదు, అప్పుడప్పుడు నానో రీసెట్ అయ్యేది. కొన్నిసార్లు అంతకంటే చెడ్డది జరిగింది: రీసెట్ కాకుండా బిగుసుకుపోయేది, రిలే ఉన్న స్థితిలోనే ఉండిపోయేది. కారణాలు రెండు. కాయిల్ తెగినప్పుడు వచ్చే వోల్టేజి దెబ్బ ఒకటి. గడియారానికి వెళ్లే రెండు వైర్ల మీద ఆ దెబ్బ తగిలితే నానో జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిపోవడం రెండోది.

చేసినవి:

1. కాయిల్ ఏ1, ఏ2 మధ్య 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్ సిరీస్‌లో. వోల్టేజి దెబ్బను మింగే స్నబ్బర్ ఇదే. కాయిల్ దగ్గరే కట్టాలి, రిలే దగ్గర కాదు.
2. గడియారం వైర్లను 10 సెంటీమీటర్లలోపు కుదించి, పవర్ వైర్లకు దూరంగా తిప్పాం.
3. ఆ రెండు వైర్ల (ఐ2సీ బస్) మీద జవాబు రాకపోతే ఎదురుచూపు మానేలా ప్రోగ్రాంలో టైమవుట్ పెట్టాం. పాత లైబ్రరీ వెర్షన్లలో ఈ సదుపాయం లేదు, కొత్తది వేసుకోవాలి.
4. 8 సెకన్ల వాచ్‌డాగ్: ప్రోగ్రాం అంతసేపు బిగుసుకుపోతే నానోను తనే రీసెట్ చేసేది.

వాచ్‌డాగ్ దగ్గర ఒక గొయ్యి ఉంది. పాత బూట్‌లోడర్ (నానో ఆన్ కాగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రాం) ఉన్న నానోలు వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత మళ్లీ మళ్లీ రీసెట్ అవుతూ ఉండిపోతాయి, కరెంటు తీసి పెడితే తప్ప బయటికి రావు. ఆప్టీబూట్ అనే కొత్త బూట్‌లోడర్ ఎక్కించాకే వాచ్‌డాగ్ వాడాలి.

గడియారం సంగతి. డీఎస్1307 కొనొద్దు. వేడికి దాని క్రిస్టల్ జారుతుంది, రేకు డబ్బాలో ఎండకు నెలకు నిమిషాల తేడా వస్తుంది. డీఎస్3231 ఏడాదికి నిమిషం అటూ ఇటూ. ఆ మాడ్యూల్‌లోనూ ఒక చిక్కుంది. అందులో బ్యాటరీని చార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. మనం వేసేది చార్జ్ కాని సీఆర్2032. 5 వోల్టుల మీద నడిపితే అది ఉబ్బుతుంది. బ్యాటరీ పక్కన డయోడ్‌తో సిరీస్‌లో ఉన్న 200 ఓమ్‌ల చిన్న రెసిస్టర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో తీసేస్తే సరి.

ఆ మాడ్యూల్‌లోనే 4 కిలోబైట్ల ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) కూడా ఉంది. మోటారు ఎన్ని నిమిషాలు నడిచిందో ప్రతి నిమిషం అందులోనే రాస్తున్నాం. నానో లోపలి ఈఈప్రామ్ లక్ష రాతల వరకే హామీ. రోజుకు 9 గంటలు, అంటే 540 రాతలు ఒకే చోట రాస్తే 185 రోజులకు ఆ హద్దు చేరుతుంది. బయటిది పది లక్షల రాతలు ఓర్చుకుంటుంది, చోటు మారుస్తూ రాస్తే ఇక చూడక్కర్లేదు.

దశ 4: నీళ్లున్నాయా, లేవా

టైమర్ ఒక్కటే ఉంటే బోరు ఎండిన రోజున అది మోటారును కాల్చే యంత్రం. సబ్‌మెర్సిబుల్ మోటారు చల్లబడేది పక్కనుంచి పారే నీటితోనే.

మొదటి పద్ధతి అందరూ చేసేదే: ఆంపియర్లు చూడటం. ఎస్‌సీటీ-013-030 క్లాంపు సీటీలు (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేవి) రెండు తెచ్చి ఆర్, వై ఫేజుల మీద వేశాం. ఇది 30 ఆంపియర్లకు 1 వోల్టు ఇస్తుంది. 013-000 రకం తెస్తే కరెంటును వోల్టేజిగా మార్చే బర్డెన్ రెసిస్టర్ విడిగా వేసుకోవాలి. మోటారు లాగేది 10 ఆంపియర్ల లోపు కాబట్టి, వైరును క్లాంపులోంచి రెండు చుట్లు తిప్పాం. 8.8 ఆంపియర్లు సీటీకి 17.6గా కనిపిస్తాయి, నానో రీడింగులో కొస నుంచి కొసకు సుమారు 340 మెట్లు వస్తాయి. ఒక్క చుట్టుతో అందులో సగమే.

400 వోల్టుల దగ్గర నీళ్లతో 8.8, గాలి కొడుతూ ఉంటే 6.1 ఆంపియర్లు. హద్దు 6.5 పెట్టాం. పనిచేసింది. తర్వాత ఒక ఉదయం, పక్క మోటార్లు ఇంకా పడని వేళ, పైపులోంచి గాలి తప్ప ఏమీ రాకున్నా మోటారు ఆగలేదు. అప్పుడు లైన్ 430 వోల్టులు. ఎందుకో ఈ అంకెల్లో ఉంది:

1. 350 వోల్టులు: నీళ్లతో 9.6 ఆంపియర్లు, ఉత్తగా (నీళ్లు లేకుండా) 5.0
2. 400 వోల్టులు: నీళ్లతో 8.8, ఉత్తగా 6.1
3. 430 వోల్టులు: నీళ్లతో 8.7, ఉత్తగా 7.0

వోల్టేజి పెరిగితే ఇనుమును అయస్కాంతం చేయడానికి లాగే కరెంటు పెరుగుతుంది. అది పని చేసే కరెంటు కాదు, ఆంపియర్ మీటరుకు ఆ తేడా తెలియదు. హద్దును 7.5కు పెంచితే 430 దగ్గర పనవుతుంది కానీ నీళ్లకూ గాలికీ మధ్య ఇటు పక్క మిగిలేది ఒక ఆంపియర్ చిల్లర. చూడాల్సింది ఆంపియర్లు కాదు, కిలోవాట్లు:

1. 350 వోల్టులు: నీళ్లతో 5.0 కిలోవాట్లు, ఉత్తగా 1.8
2. 400 వోల్టులు: 5.0, ఉత్తగా 2.1
3. 430 వోల్టులు: 5.0, ఉత్తగా 2.2

వోల్టేజి ఎటు పోయినా మధ్యలో పెద్ద గండి ఉంది. హద్దు 3.3 కిలోవాట్లు పెట్టాం.

న్యూట్రల్ లేకుండా కిలోవాట్లు కొలవడం ఇలా. వోల్టేజి వై–బీ మధ్య తీసుకోవాలి (మన ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకే జడ్‌ఎంపీటీ101బీ అనే వోల్టేజి కొలిచే మాడ్యూల్ తగిలిస్తే చాలు, 415 వోల్టులు బోర్డు దాకా రావు). కరెంటు ఆర్ ఫేజుది తీసుకోవాలి. వై–బీ వోల్టేజి ఆర్ ఫేజు వోల్టేజికంటే సరిగ్గా 90 డిగ్రీలు వెనక ఉంటుంది. 50 హెర్ట్‌జ్‌లో 90 డిగ్రీలంటే 5 మిల్లీసెకన్లు.

1. టైమరుతో ప్రతి 500 మైక్రోసెకన్లకు ఒకసారి మూడు చానళ్లూ (వోల్టేజి, రెండు సీటీలు) చదవాలి. ఒక్కో రీడింగు 112 మైక్రోసెకన్లు, మూడూ కలిసి 336. సరిపోతుంది.
2. ఆర్ కరెంటు విలువలను పది గళ్ల రింగులో దాచాలి.
3. ఇప్పటి వోల్టేజిని పది రీడింగుల కిందటి కరెంటుతో గుణించాలి.
4. 2,000 రీడింగులు, అంటే ఒక సెకను సగటు తీసి 1.732తో గుణిస్తే మొత్తం పవరు.

సీటీలో రెండు మూడు డిగ్రీల ఫేజు తప్పు ఉంటుంది. ఖాళీ మోటారు రీడింగు దానివల్ల పది శాతం దాకా తప్పొచ్చు. ఇంత గండి ఉన్నచోట దాన్ని సవరిస్తూ కూర్చోవడం దండగ.

ఇందులో అడగకుండా వచ్చిన లాభం ఒకటుంది. లైన్ పని జరిగి ఫేజులు తారుమారైతే పవరు మైనస్‌లో కనిపిస్తుంది. పంపు తిరగబడి తిరుగుతోందన్న మాట. మైనస్ కనిపిస్తే ఆపి హూటర్ మోగించాలి. మొదటిసారి బిగించినప్పుడే మైనస్ వచ్చి, నీళ్లు మాత్రం బాగా వస్తుంటే సీటీ తిరగేసి తగిలించారని అర్థం.

ఫేజు పోవడం: ఆర్ లేదా వై పోతే ఆ సీటీ సున్నాకు వస్తుంది. బీ పోతే రెండూ సమానంగా పెరిగి 15 ఆంపియర్ల దాకా వెళతాయి. అందుకే 13 ఆంపియర్లు 2 సెకన్లు దాటితే ఆపమన్నాం. స్టార్టింగు కరెంటు లెక్కలోకి రాకుండా మొదటి 5 సెకన్లు వదిలేయాలి. వోల్టేజి చూసి ఫేజు పోయిందని కనుక్కోవాలనుకుంటే నడిచే మోటారు మోసం చేస్తుంది. తెగిన ఫేజులోకి అదే వోల్టేజి తిరిగి పంపుతుంది. రెండు ఫేజుల మీద కెపాసిటర్ పెట్టి మోటారు నడిపే చోట ఈ లెక్కలేవీ పనికిరావు.

తప్పుడు ఆగుడు ఒకటి తేలింది. డ్రిప్ స్క్రీన్ ఫిల్టర్ మూసుకుపోతే నీళ్లు తగ్గి పవరూ తగ్గుతుంది: 5.0 నుంచి 4.3, తర్వాత 3.9. బోరు ఎండటానికి, ఫిల్టర్ మూసుకోవడానికి తేడా ఊగిసలాటలో ఉంది. గాలి కలిస్తే సెకన్లలో 2.6కూ 4.4కూ మధ్య ఊగుతుంది. ఫిల్టర్ అయితే నెమ్మదిగా దిగి నిలకడగా ఉంటుంది. కాబట్టి:

1. 8 సెకన్ల సగటు 3.3 కిలోవాట్ల కింద ఉంటే ఆపు. మొదలైన 15 సెకన్ల దాకా చూడొద్దు.
2. సగటు 4.2 కింద ఉండి, 10 సెకన్లలో ఊగుడు 0.2కు మించకపోతే ఆపొద్దు, పసుపు దీపం వెలిగించు: ఫిల్టర్ కడగాలి.

ఖర్చు: సీటీలు 1,100, జడ్‌ఎంపీటీ 170, రెసిస్టర్లు, కెపాసిటర్లు 50. హూటర్ 150. మొత్తం: 6,020.

దశ 5: ఎంతసేపు నడపాలి, ఎంతసేపు ఆపాలి

రాత్రంతా ఊరిన బోరు 42 నిమిషాలకు గాలి కొట్టింది. అక్కడి నుంచి ఆపి ఉంచిన సమయాన్నిబట్టి:

1. 30 నిమిషాలు ఆపితే 19 నిమిషాల నీళ్లు
2. 60 ఆపితే 31
3. 90 ఆపితే 38
4. 120 ఆపితే 41

బోరు నిండేకొద్దీ ఊట మందగిస్తుంది. నీటి మట్టం దిగి ఉన్నప్పుడే చుట్టూ ఉన్న పగుళ్లలోంచి వేగంగా వస్తుంది. 540 నిమిషాల్లో మొత్తం ఎంత నడుస్తుందో లెక్క వేస్తే, 30 నిమిషాల విరామంతో 232 నిమిషాలు, 60తో 197, 90తో 180. 200 లీటర్ల డ్రమ్ము మొదట 62 సెకన్లకు నిండింది, చివర్లో 71. సగటున నిమిషానికి 180 లీటర్లు అనుకుంటే 232 నిమిషాలకు 41,760 లీటర్లు, 197కు 35,460. ‘బోరును బాగా ఊరనిచ్చి కొడితే ఎక్కువ నీళ్లు’ అన్న మాట ఒక్కో దఫాకు నిజం, రోజు మొత్తానికి కాదు.

ఇంకా తగ్గించి 10 నిమిషాల విరామం పెడితే ఇంకా ఎక్కువ రావాలి కదా? వస్తాయి, కానీ ప్రతి స్టార్టుకూ మామూలు కరెంటుకు ఆరు రెట్లు వైండింగు మీద పడుతుంది. గంటకు ఒకటి రెండు స్టార్టులకు మించకూడదని 30 దగ్గర ఆగాం. నడిపే సమయం 19 కాదు, 17 పెట్టాం. రోజూ గాలి కొట్టేదాకా లాగితే ఇసుక కదులుతుంది.

ఈ అంకెలు నిలిచేవి కావు. వానకు మారతాయి, ఏప్రిల్‌కు మరీ మారతాయి. అందుకే ప్రోగ్రాం తనే సర్దుకుంటుంది: అనుకున్న సమయానికి ముందే పవరు పడిపోతే తర్వాతి దఫా 2 నిమిషాలు తగ్గుతుంది. వరుసగా మూడు దఫాలు పూర్తిగా నడిస్తే 1 నిమిషం పెరుగుతుంది. 8 నిమిషాల కంటే దిగితే విరామం రెట్టింపవుతుంది.

దశ 6: కరెంటు రాగానే

ఫీడరుకు కరెంటు వచ్చిన క్షణంలో అందరి ఆటో స్టార్టర్లూ ఒకేసారి పడటం పెద్ద తలనొప్పి. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు ఫేజుకు 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటార్లు మూడు నడిస్తే 27, సరిపోతుంది. మూడూ ఒకేసారి స్టార్టయితే 160 దాటుతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది.

నియమం: నానో ఆన్ అయ్యాక, కారణం ఏదైనా, 5 నిమిషాలు ఆగాలి. దానికి ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద మన మోటారు వరుస సంఖ్యను 45 సెకన్లతో గుణించి కలపాలి. చివరి 30 సెకన్లూ వోల్టేజి 350 పైన ఉండాలి. పక్క పొలాలవాళ్లతో మాట్లాడి నంబర్లు పంచుకుంటేనే దీనికి అర్థం. ఆ 5 నిమిషాలకు ఇంకో కారణం కూడా ఉంది: పంపు దగ్గరి వాల్వు కారుతుంటే పైపులోని నీళ్లు వెనక్కి దిగుతూ పంపును ఎదురు తిప్పుతాయి. అప్పుడు స్టార్ట్ చేస్తే షాఫ్ట్ విరగొచ్చు.

రిలేలు విడిచాక కూడా సీటీలు 1 ఆంపియర్ పైన చూపిస్తే కాంటాక్టరే అతుక్కుంది. నానో చేయగలిగింది ఏమీ లేదు. హూటర్ ఆగకుండా మోగుతుంది, మెయిన్ స్విచ్ మనిషే దించాలి.

దశ 7: డబ్బా

ఎండ నేరుగా తగలకుండా పైన రేకు, రేకుకూ డబ్బాకూ మధ్య రెండు వేళ్ల సందు. వైర్లన్నీ కింది నుంచే, గ్లాండ్ల గుండా. వాడని రంధ్రం ఒక్కటి వదిలినా చీమలు కాంటాక్టర్ కాంటాక్టుల మధ్య చేరతాయి, బల్లి రెండు ఫేజుల మధ్య పడుతుంది. పాత స్టార్టర్ డబ్బా రంధ్రాలకూ ఎం-సీల్ పెట్టాలి.

డబ్బా లోపలి తలుపుకు ఒక కవర్లో ఉంచాల్సినవి: 2 ఆంపియర్ల సిరామిక్ ఫ్యూజులు నాలుగు, రిలే బోర్డు ఒకటి, ప్రోగ్రాం ఎక్కించిన నానో ఒకటి, వైరింగ్ బొమ్మ. సెలెక్టర్ ‘మాన్యువల్’లో నెలకోసారి మోటారు వేసి, నడుస్తుండగా ఓవర్‌లోడ్ రిలే మీది ఎర్ర టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. ఆగకపోతే 95–96 వైరు ఎవరో బైపాస్ చేశారు.